రబ్బరు బూట్లు

లైన్‌మన్ డెల్బర్ట్ కరెంటు స్తంభం దిగి వచ్చాడు, చేతి తొడుగులు చంకలో ఇరికించుకున్నాడు, "విప్పేశానురా ఐనార్, గంటసేపు, అంతకన్నా నా చేతిలో లేదు" అని తన ట్రక్కు వైపు నడిచాడు. జానెడు రాగి తీగ అది. కరెంటు తిరిగి పోయే కంపెనీ న్యూట్రల్ వైరుకీ నా కొట్టం ఎర్తుకీ మధ్య స్తంభం మీద ఉంటుంది. దాన్ని విప్పమని రెండు చలికాలాలు అడిగాను, అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టాక ఇవాళ విప్పారు, అదీ గంటకి. ఈ గంటలో నా ఆవులు నీళ్ళు తాగితే దోషం వాళ్ళ లైనులో ఉన్నట్టు. తాగకపోతే దోషం నాలో ఉన్నట్టు, శనివారం వేలంపాట వాడు వస్తాడు, మందంతా లారీలెక్కుతుంది. తేల్చేది నేను కాదు, డెల్బర్ట్ కాదు. బయట కారులో హీటరు వేసుకుని కూర్చున్న కంపెనీ ఇంజనీరు హోల్మ్. పొద్దున పాలు పితికినప్పటి నుంచీ నీళ్ళు కట్టేసి ఉంచాను, దాహం వేయాలని. ఇప్పుడు తిప్పాను. గొట్టం గుడగుడలాడి ఊరుకుంది. నా ఆవు ఓల్గా ఎదురుగా బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. బూట్లూ మేజోళ్ళూ విప్పి గడ్డిమోపు మీద పెట్టాను. మార్చి నెల సిమెంటు, కింద మంచు కరిగిన తడి, అరికాళ్ళు కొరుకుతున్నాయి. కొరకనీ. తాగవే. తాగు.

తాగదు. మెడ చాచింది, గిన్నె మీదకి మూతి తెచ్చింది, ఆగింది. మా గిన్నెలు ఇనపవి, రెండావులకి మధ్య ఒకటి, లోపల ఒక రేకు, ఆవు మూతితో రేకుని నొక్కితే నీళ్ళు వస్తాయి. ఆవు నీళ్ళు తాగడం అంటే మూతి మొత్తం ముంచి, కళ్ళు సగం మూసి, గొంతులో గుటక గుటకకీ ముద్ద జారడం కనిపించేట్టు లాగడం. ఓల్గా అట్లా తాగి రెండేళ్ళయింది. నాలుక కొస చాపి కుక్క గతికినట్టు గతుకుతుంది, రేకుని తాకీ తాకకుండా, తల పక్కకి విదిలిస్తుంది, మళ్ళీ గతుకుతుంది. అన్నీ అంతే. నీళ్ళు తాగని ఆవు మేత తినదు, మేత తినని ఆవు చేపదు, చేపని పాలు పొదుగులో నిలిచిపోతాయి, పొదుగు వాస్తుంది, వాచిన పొదుగుని మిషను ముట్టుకుంటే తంతుంది, తన్నే ఆవుని ఎవరు ఉంచుకుంటారు. ఓల్గా పక్కన కట్టుండే బిర్గిట్ అట్లాగే పోయింది. ఆ చోటు ఖాళీగా ఉంది, గడ్డి కూడా పరవలేదు. పశువుల డాక్టరు వచ్చాడు, మేత మార్చమన్నాడు. మేత అమ్మేవాడు వచ్చాడు, మిషను మార్చమన్నాడు. మిషను అమ్మేవాడు పాలు పితికే మనిషిని మార్చాలేమో అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడెందుకు నవ్వానా అని ఇప్పుడు పళ్ళు పటపటలాడతాయి. చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ గ్లాడిస్ పక్కావిడ చెవిలో, ఐనార్ ఈమధ్య కొట్టం సరిగా కడగడం లేదట అని చెప్పింది, నాకు వినబడేంత మెల్లగా. మా నాన్న కట్టిన కొట్టం. పేడ కాలువ నా చేత్తో గీకుతాను, ఆ కాలువ పక్కన కూర్చుని అన్నం తినొచ్చు. నేను ఎప్పుడూ ఏమీ అనను. నా పెళ్ళాం మార్లిస్ అంటుంది, "నీ నోరు తెరవాలంటే నెల ముందు చెప్పి ఉంచాలయ్యా" అని.

మార్లిస్ ఇప్పుడు బడిలో ఉంటుంది. ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతుంది, పొద్దునా సాయంత్రం కొట్టంలో నాతో పాటు ఉంటుంది, మధ్యలో బడి. పాఠం ఏదైనా ముందు నా మీద ప్రయోగిస్తుంది, పొదుగులు తుడుస్తూ. పరమాణువు పాఠం చెప్పిన రోజు గుర్తుంది, ఆగస్టు, ఈగలు ముసురుతున్నాయి. "ఇదిగో చూడు మొగుడా," అంది, "ప్రతి వస్తువూ పరమాణువులే, నీ బూటూ, ఈ గిన్నె, దీని తోక, నువ్వు. పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లు, అవి కట్టేసిన ఆవులు, ఎక్కడికీ పోవు. వాటితో పాటు న్యూట్రాన్లు, అవి ఎడ్లు, అటూ కాదు ఇటూ కాదు, ఊరకే నెమరేస్తుంటాయి. చుట్టూ ఎలక్ట్రాన్లు, ఈగలు. ఎన్ని ఆవులో అన్నే ఈగలు, లెక్క సరిపోయిందా, ఏ ఛార్జీ లేదు, అంతా ప్రశాంతం. ఒక ఈగ ఎగిరిపోయిందనుకో, ఆవుల పక్షం ఎక్కువైంది, ధన ఛార్జి. పక్కింటి ఈగ వచ్చి చేరిందా, రుణ ఛార్జి. ఆవుకీ ఆవుకీ పడదు, ఈగకీ ఈగకీ పడదు, దూరం తోసుకుంటాయి. ఆవుకీ ఈగకీ మాత్రం విడదీయలేని ప్రేమ." మరి ఆంబోతు ఏదే అన్నాను. తడిగుడ్డ మొహాన కొట్టింది. "రాగిలో బయట వరసలో ఉన్న ఈగకి తన ఆవంటే అంత పట్టింపు లేదు, ఈ ఆవు నుంచి ఆ ఆవుకి, ఆ ఆవు నుంచి ఇంకో ఆవుకి, సందు దొరికితే జరుగుతుంది. అట్లా అన్నీ కలిసి జరగడమే కరెంటు. రబ్బరులో ఈగలు వేరు, తన ఆవుని వదిలి అంగుళం కదలవు." ఇంకోటి కూడా చెప్పింది, పిల్లలు ఇది మర్చిపోతే సున్నా వేస్తానంది. "ఈగలు పుట్టవు, చావవు. ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరిగినట్టే. కరెంటు ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికి తిరిగి చేరాల్సిందే. దారి ఉంటే దారిలో, లేకపోతే దొరికిన ప్రతి సందులోంచీ."

దొరికిన ప్రతి సందులోంచీ. నా కొట్టంలోంచి. ఓల్గా మూతిలోంచి.

గాలికి తలుపు కొట్టుకుంటోంది. ఇంజనీరు కారు పొగ తలుపు సందులోంచి వస్తోంది, అదొక తెల్ల పొగ, ఒక మనిషి కాళ్ళు వెచ్చగా ఉండటానికి. ఓల్గా మళ్ళీ మెడ చాచింది. ఊపిరి బిగబట్టాను. నాలుక కొస. గతికింది. విదిలించింది. ఒసే, ఏమీ లేదే ఇప్పుడు, విప్పేశారు, నా చెయ్యి చూడు. చెయ్యి గిన్నెలో ముంచాను, అరికాళ్ళు తడి సిమెంటు మీద ఉన్నాయి, ఏమీ లేదు. నిన్న ఉంది. మొన్న ఉంది. ఎర్రచీమలు వరసగా మణికట్టు దాకా పాకినట్టు, పెద్ద షాకేం కాదు, చంపదు, ఎగరేయదు, మనిషైతే ఛీ అని చెయ్యి తీసుకుని మర్చిపోతాడు. ఆవు ఎట్లా మర్చిపోతుంది? చెప్పులు లేని నాలుగు గిట్టలు, తడిలో. మూతి ఎప్పుడూ తడే, ఉప్పుగడ్డ నాకే నాలుక, ఒంట్లో అంతా ఉప్పు నెత్తురు, ఉప్పునీళ్ళలో ఛార్జీకి రాచబాట అని మార్లిస్ పాఠమే. దాహమేసిన ప్రతిసారీ మొహం మీద ఎవడో చురక పెడుతుంటే నువ్వు తాగుతావా. గ్లాడిస్ తాగుతుందా. హోల్మ్ తాగుతాడా, ఆ కాఫీ కప్పు అట్లా చురక పెడితే?

ఇది మొదట పట్టింది మార్లిస్. పోయిన చలికాలం మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె అడుగు తోముతోంది, పంట్లాం మోకాళ్ళు నానిపోయాయి, చేతికి తొడుగు లేదు. చటుక్కున చెయ్యి లాక్కుంది. "ఐనార్, ఇది కరుస్తోంది." నేను వెళ్ళి చెయ్యి పెట్టాను, ఏమీ లేదు. మళ్ళీ తను పెట్టింది, కరిచింది. నేను పెట్టాను, లేదు. అప్పుడు తను నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూసింది. ఈ ప్రాంతంలో పాడి చేసేవాడు పొద్దున మంచం దిగి మేజోళ్ళు ఎక్కించి రబ్బరు బూట్లలో కాళ్ళు పెడితే మళ్ళీ మంచమెక్కేప్పుడే తీసేది. మా నాన్నా అంతే, ఆయన నాన్నా అంతే. డాక్టరు రబ్బరు బూట్లలో వచ్చాడు, ఒకరి కొట్టం జబ్బు ఇంకొకరి కొట్టానికి అంటకుండా వాకిట్లోనే మందునీళ్ళలో ముంచి మరీ వచ్చాడు, అది మర్యాద. మేత అమ్మేవాడూ, మిషను అమ్మేవాడూ అంతే. అందరూ రబ్బరు మీద నిలబడి ఆవుని చూసి, ఏమీ లేదే, దీనికేం రోగం అన్నారు. కొట్టంలో కాళ్ళకి ఏమీ లేకుండా నిలబడింది ఆవులే. "బూట్లు విప్పు" అంది మార్లిస్. విప్పాను. తడిలో నిలబడి చెయ్యి పెట్టాను. కరిచింది. అంతే. ఓల్గా నన్నే చూస్తోంది.

టోర్‌వాల్డ్‌కి ఎవరూ బూట్లు విప్పమని చెప్పలేదు. మా పొలం అవతల వాడి పొలం, అదే లైను. వాడి ఆవులూ గతికేవి. మొండికేస్తున్నాయని కొట్టాడు, అంత నెమ్మదైన మనిషి పారకర్రతో కొట్టాడు, కొట్టి కొట్టంలోనే కూర్చుని ఏడ్చాడని వాళ్ళావిడ మార్లిస్‌తో చెప్పింది. తర్వాత అమ్మేశాడు. ఇప్పుడు బడి బస్సు నడుపుతాడు. ఎదురైతే చెయ్యి ఎత్తుతాడు, అద్దంలోంచి, మొహం పక్కకి తిప్పుకుని. వాడికి ఈ సంగతి ఎట్లా చెప్పను? చెబితే వాడు ఆ పారకర్రని ఏం చేసుకుంటాడు?

హోల్మ్ మొదటిసారి వచ్చినప్పుడు మా వంటింట్లో కూర్చున్నాడు. మార్లిస్ కాఫీ పోసింది, బంగాళాదుంప రొట్టెకి వెన్న రాసి పెట్టింది. మంచివాడే, చక్కగా తిన్నాడు, పళ్ళెం తనే తీశాడు. గిన్నె దగ్గర మీటరు పెట్టి చూశాడు, ముల్లు కొంచెం కదిలింది. అర ఓల్టు అన్నాడు. కొట్టమన్నాక ఆ మాత్రం ఉంటుందన్నాడు. "అయినా అది భూమిలోకి పోతుంది, భూమి తాగేస్తుంది."

"భూమి తాగేసి ఏం చేసుకుంటుందండీ?" అంది మార్లిస్. "బయల్దేరిన చోటికి తిరిగి పోవద్దూ? మీ తిరుగు వైరు సన్నబడితే, అతుకులు తుప్పు పడితే, అది మా గొట్టాల్లోంచి దారి వెతుక్కోదూ?"

ఆయన నవ్వాడు. "మేడమ్, పిల్లల పాఠం వేరు, లైను వేరు."

"నా చెయ్యి కరిచిందండీ."

"చన్నీళ్ళండీ. చలికాలం కదా. చేతులు తిమ్మిరెక్కుతాయి. ఒట్టి చన్నీళ్ళు."

తెలియనివాడి మీద నాకు కోపం రాదు. ఈయనకి తెలుసు. మార్లిస్ చెప్పే పాఠం ఈయనా చదువుకున్నాడు, దాని పైన ఇంకా పది పాఠాలు చదువుకున్నాడు. తిరుగు కరెంటు భూమిలోంచి పోతుందనీ, పోయే దారిలో కొట్టాలుంటాయనీ, మైళ్ళ పొడుగునా పాత తీగ మార్చాలనీ తెలుసు. తెలిసి మా బల్ల దగ్గర కూర్చుని, మా వెన్న తిని, ఆమె చేతిని ఒట్టి చన్నీళ్ళు చేశాడు. ఆ పూట మార్లిస్ గిన్నెలు కడుగుతూ ఒకటే అంది, "మా క్లాసులో ఎవడైనా ఆ మాటంటే బోర్డు దగ్గర నిలబెడతాను" అని. ఆ కోపం అప్పటి నుంచీ నా ఒంట్లో ఉంది. పొలంలో ట్రాక్టరు మీదా ఉంటుంది, చర్చిలోనూ ఉంటుంది. పోయే దారి లేదు దానికి. నేనూ రబ్బరు మీదే నిలబడ్డానేమో.

గంటలో ఎంత మిగిలిందో. ఎండ కిటికీలో ఒక పలక దాటి రెండో పలకలోకి వచ్చింది. ఓల్గా పడుకుంది. పడుకుందంటే ఇక తాగదు. గిన్నెలో ఏమీ లేదు, మీటరు ముల్లు కదలదు, నా చెయ్యి చెబుతోంది, కానీ దానికి ఎవరు చెప్తారు? రాగి తీగ విప్పితే గిన్నెలో కరెంటు ఆగింది. ఓల్గా మెదడులోంచి విప్పడానికి డెల్బర్ట్ ఏ స్తంభం ఎక్కాలి? రెండేళ్ళు నేర్పారు దానికి, దాహమంటే దెబ్బ అని. గంటలో మర్చిపోమంటున్నారు. మర్చిపోలేదు కాబట్టి దెబ్బే లేదంటారు. లేచి గోడని పిడికిలితో గుద్దాను. సున్నం రాలింది. ఓల్గా చెవులు కదిలించింది, అంతే. ఇది మంచు తుపానులో పుట్టిన దూడ, దీన్ని నా కోటులో చుట్టి పొయ్యి పక్కన పడుకోబెట్టాం, మార్లిస్ వేలు చీకింది రాత్రంతా. అంత నమ్మిన జంతువు.

అప్పుడు గుర్తొచ్చింది. వాగు పక్క పాకలో పెయ్య. తొలిచూలు, నిన్న కాక మొన్న ఈనింది, ఇంకా కొట్టంలోకి తేలేదు. పుట్టినప్పటి నుంచీ వాగు నీళ్ళే తాగింది, ఇనప గిన్నె ఎట్లా ఉంటుందో ఎరగదు. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

కాళ్ళకి ఏమీ లేకుండానే పరిగెత్తాను, బురదలో, మంచు ముక్కల మీద. డెల్బర్ట్ ట్రక్కు అద్దం దించి "ఒరేయ్, పిచ్చి పట్టిందా, బూట్లేవిరా" అని అరిచాడు. పలుపు వేసి తెచ్చాను. గడపలో పెయ్య మొండికేసింది, కొత్త వాసన, చీకటి, భుజం పెట్టి తోశాను. బిర్గిట్ చోటులో నిలబెట్టి మెడకి పట్టీ వేశాను. అటు ఓల్గా, ఇటు పెయ్య, మధ్యలో గిన్నె. పెయ్య వాసన చూసింది. చూడగానే మూతి ముక్కుపుటాల దాకా ముంచింది. రేకు టక్కుమంది. గొట్టం మొత్తం, ఆ చివర నుంచి ఈ చివర దాకా, చాలా కాలంగా నేను వినని ఒక చప్పుడు చేసింది. గుటక. గుటక. గుటక. ఓల్గా లేచి నిలబడింది.

తలుపు దగ్గర నీడ పడింది. హోల్మ్. కొత్త రబ్బరు బూట్లు, పసుపు అంచువి. వాకిట్లో మందునీళ్ళలో ముంచుకుని వచ్చాడు, ఆ మర్యాద తప్పలేదు. "టైమయింది" అన్నాడు.

"చూడండి."

చూశాడు. కొట్టం పొడుగునా నడిచి వచ్చాడు. "మిగతావి ఒక్కటీ తాగలేదు కదండీ. ఈ పెయ్య కొత్తది, దాహం మీదుంది, తాగింది. దీన్నుంచి ఏం తేలుతుంది? మళ్ళీ కలిపాక ఇది మానితే, అప్పుడు ఒక మాట." తలుపు వైపు తిరిగి కేకేశాడు, "డెల్బర్ట్! కలిపెయ్!"

తలుపులోంచి స్తంభం కనిపిస్తుంది. డెల్బర్ట్ నడుముకి పటకా వేసుకుని పైకి పోయాడు. పెయ్య ఇంకా తాగుతూనే ఉంది, కళ్ళు సగం మూసి. ఇంకాసేపట్లో దాని మొహం మీద మొదటి దెబ్బ పడుతుంది. ఈ మనిషికి రుజువు కావాలి గనక పడుతుంది. ఆ ఒక్క దెబ్బతో ఇదీ నేర్చుకుంటుంది, ఓల్గా అయిపోతుంది. నా చెయ్యి దానంతట అది పోయి పెయ్య మూతిని గిన్నెలోంచి పక్కకి తోసింది. ఆ చెయ్యే నీళ్ళలో దిగింది.

"పెయ్య వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, స్తంభం దాకా వినబడేంత గట్టిగా. "నేనుంటాను. మీరూ ఉండండి. ఆ పక్క నుంచి చెయ్యి పెట్టండి. ముందు బూట్లు విప్పండి."

"ఏమిటండీ?"

"బూట్లు. మేజోళ్ళు. విప్పి తడిలో నిలబడండి. అర ఓల్టే కదా. నా పెళ్ళాం మోకాళ్ళ మీద ఉన్నచోటే నిలబడి, ఒట్టి చన్నీళ్ళని నాకు చెప్పండి. చెప్పారా, శనివారం దాకా ఎందుకు, ఇవాళే మంద తోలేస్తాను."

"ఇదేం పద్ధతి ఐనార్ గారూ, దీనికి మీటర్లున్నాయి..."

"మీటరుకి దాహం వేయదు."

ఇంత మాట్లాడినట్టు నాకే తెలీదు. హోల్మ్ కింద తడి చూశాడు, గిన్నె చూశాడు, నా పాదాలు చూశాడు, అవి అప్పటికి నీలంగా ఉన్నాయి. వంగాడు. చెయ్యి బూటు పై అంచు దాకా పోయింది, పసుపు అంచు పట్టుకుంది. అక్కడ ఆగింది.

పై నుంచి డెల్బర్ట్ గొంతు వచ్చింది, తీరిగ్గా. "సార్, బూట్లు విప్పాక ఒక కేకెయ్యండి. అప్పుడు కలుపుతాను. తొందరేం లేదు, ఇక్కడ బాగానే ఉంది."

హోల్మ్ చెయ్యి పసుపు అంచు వదిలేసింది. నడుం నిటారుగా చేశాడు. ఎటో చూస్తూ, చాలా మెల్లగా, "అలాగే ఉండనీ. లైను చూడమని రాస్తాను" అన్నాడు. ఎవరికి రాస్తాడో, వాళ్ళేం చూస్తారో, పాత తీగ మారుస్తారో లేదో నాకు తెలీదు. చన్నీళ్ళ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన వెళ్ళిన వైపు చూడలేదు నేను. కోపం తగ్గలేదు, తగ్గుతుందనీ అనుకోను, టోర్‌వాల్డ్ చెయ్యి అద్దంలోంచి లేచిన ప్రతిసారీ మళ్ళీ రాజుకుంటుంది. చెయ్యి గిన్నెలోనే ఉంది, తీయడం మర్చిపోయాను. పెయ్య నా మోచేతిని నాకుతోంది. అవతల ఊపిరి వెచ్చగా తగిలింది. కదల్లేదు. నాలుక కొస వేళ్ళ మీద పడింది, గరుకుగా, ఒకసారి, విదిలించలేదు. తర్వాత మూతి బరువుగా దిగింది, నా వేళ్ళనీ రేకునీ కలిపి నొక్కింది. గొట్టం మోగింది. వేళ్ళ చుట్టూ నీళ్ళు ఉరికి వచ్చాయి, ఓల్గా లాగుతోంది, మళ్ళీ వస్తున్నాయి.

ఒట్టి చన్నీళ్ళు.